కూర్చోబెడితే పడరా?

‘‘కూసో బాపూ... లేవకు. పడితే బొక్కలిరుగుతయ్!’’

ఇంట్లో పార్కిన్సన్స్‌ జబ్బున్న పెద్దాయన ఉంటే రోజుకు పదిసార్లయినా వినపడే మాట ఇది. మెట్‌పల్లిలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా అంతే. కొడుకు అంటాడు. ‘మామా, నువ్వు లేవకు’ అని కోడలు అంటుంది. దుబాయిలో ఉన్న చిన్నకొడుకు వీడియో కాల్‌లోనూ అదే అంటాడు. అందరిదీ ప్రేమే. అందరిదీ భయమే.

దాంతో ఏమవుతుంది? నీళ్ల చెంబు మంచం దగ్గరికే వస్తుంది. కంచం అక్కడికే వస్తుంది. పొద్దున్నే గల్లీ చివరిదాకా పోయి చాయ్‌ తాగి, నలుగురితో ముచ్చటపెట్టి వచ్చే అలవాటు మెల్లగా బందవుతుంది. నెలలు గడిచేకొద్దీ తొడల్లో కండ కరిగిపోతుంది. నడుము ముందుకు వంగిపోతుంది. ఇంతకుముందు ఒక్కరు చేయందిస్తే లేచిన మనిషిని ఇప్పుడు ఇద్దరు లేపాల్సి వస్తుంది. ఓ రాత్రివేళ మూత్రానికని, ఎవరినీ నిద్ర లేపడం ఎందుకులే అని, ఒక్కడే లేస్తాడు. ఏ భయంతో కూర్చోబెట్టారో సరిగ్గా అదే జరుగుతుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌, ఆసుపత్రి ఖర్చు, నెలల తరబడి మంచం. ఆ తర్వాత మళ్లీ మునుపటిలా నడిచేవారు తక్కువ.

కూర్చోబెడితే పడటం ఆగదు, కొన్నాళ్లు వాయిదా పడుతుందంతే. పడకుండా ఉండాలంటే నిలబడటం, తిరగడం, అడుగు సరిచూసుకోవడం మళ్లీ నేర్చుకోవాలి. అదీ ఇంకా ఒక్కసారి కూడా పడకముందే మొదలుపెట్టాలి. చాలా కుటుంబాలు తప్పిపోతున్నది ఇక్కడే. ‘ఇంకా బాగనే నడుస్తుండు గదా’ అని ఊరుకుంటారు. బాగా నడుస్తున్న ఆ రోజులే అసలైన అదను.

పేరే తప్పుదోవ పట్టించింది!

మన దగ్గర దీన్ని వణుకుడు రోగం అంటారు. ఆయుర్వేదం కంపవాతం అంది. లండన్‌ వైద్యుడు జేమ్స్‌ పార్కిన్సన్‌ 1817లో దీని గురించి పుస్తకం రాసినప్పుడు పెట్టిన పేరుకు కూడా ‘వణికే పక్షవాతం’ అనే అర్థం. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌ జ్యోతిని బాక్సర్‌ మహమ్మద్‌ అలీ వెలిగిస్తుంటే ప్రపంచమంతా చూసింది ఆయన వణికే చేతినే. అందుకే ఇంట్లోవాళ్ల చూపు కూడా చేతుల మీదే ఉంటుంది. కప్పు వణుకుతోందా, సంతకం చిన్నదైపోతోందా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నాడా అని చూస్తారు. కాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. నిజానికి వణుకు మనిషిని పడేయడం అరుదు. కొందరు రోగుల్లో వణుకే ఉండదు.

మరి పడేసేదేమిటి? మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి ప్రాంతం ఉంది. డోపమైన్‌ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అక్కడ ఉంటాయి. అవి క్రమంగా చచ్చిపోవడమే పార్కిన్సన్స్‌. ఈ డోపమైన్‌ చేసే పనుల్లో ముఖ్యమైనది ఒకటుంది. అలవాటైన పనులను మనం ఆలోచించకుండానే మన చేత చేయించడం.

జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల వాడల్లో బీడీలు చేసే ఆడవాళ్లను చూస్తే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒడిలో చాట పెట్టుకుని ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్పుకొంటూనే ఉంటారు. చేతులు మాత్రం ఆకు తీసుకుంటాయి, తంబాకు పోస్తాయి, చుట్టి దారం కట్టేస్తాయి. చూపు కూడా అక్కడ ఉండనక్కర్లేదు. నడక కూడా మనకు అలాంటిదే. ఏ కాలు ముందు, ఏ చేయి వెనక అని ఎవరూ ఆలోచించరు. పార్కిన్సన్స్‌ లాగేసుకునేది ఈ తనంతట తాను జరిగిపోయే గుణాన్నే. ఇక ప్రతి అడుగునూ మెదడు పనిగట్టుకుని వేయించాలి. అందుకే నడుస్తున్న మనిషిని పక్క నుంచి ఎవరైనా పలకరిస్తే అడుగు తడబడుతుంది. మాట మీదకు ధ్యాస పోయింది కదా!

దీనికి తోడు అడుగులు చిన్నవైపోతాయి. చేతులు ఊగవు. ఒళ్లు ముందుకు వంగుతుంది. మనం తూలినప్పుడు టక్కున ఒక అడుగు వేసి నిలదొక్కుకుంటాం. వీరికి ఆ అడుగు ఆలస్యంగా పడుతుంది, పడినా చిన్నదిగా పడుతుంది. కూర్చున్నచోటు నుంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరిగే ఇబ్బంది కూడా చాలామందిలో ఉంటుంది. అన్నీ కలిసి లెక్క ఎంతవరకు వెళ్లిందంటే... ఈ జబ్బున్న ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు ఏడాదిలో ఒక్కసారైనా పడుతున్నారు. వారిలో ఎక్కువమంది మళ్లీ మళ్లీ పడుతున్నారు.

‘మాత్రలు వేసుకుంటున్నాడు కదా’ అనుకోవచ్చు. లెవోడోపా మాత్రలు బిగుసుకుపోయిన ఒంటిని సడలిస్తాయి, మందగించిన కదలికకు వేగమిస్తాయి. వాటి విలువ చాలా ఎక్కువ. కానీ నిలకడ విషయంలో వాటి సాయం అంతంతమాత్రమే. మాత్ర చేయలేని ఆ పనే వ్యాయామం చేయాలి.

గడప దగ్గర ఆగే కాళ్లు

హాల్లో మామూలుగానే నడిచొస్తాడు. దర్వాజ దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. పై ఒళ్లు మాత్రం ముందుకు వెళ్తూ ఉంటుంది. ముందుకు పడిపోవడం ఇలాగే జరుగుతుంది. డాక్టర్లు దీన్ని ‘ఫ్రీజింగ్‌’ అంటారు. ఇరుకు దారులు, గుమ్మాలు, మలుపులు, హడావుడి... ఈ నాలుగూ దీనికి పుట్టినిళ్లు. ఎత్తు గడపలున్న మన పాత ఇళ్ల సంగతి ఇక చెప్పేదేముంది!

ఇక్కడే ఒక వింత. సాపు నేల మీద ఆగిపోయిన మనిషి, ఎదురుగా నేల మీద అడ్డగీతలు కనిపిస్తే వాటిని దాటుకుంటూ చక్కగా నడిచేస్తాడు. మెట్లు ఎక్కేస్తాడు. నెదర్లాండ్స్‌ డాక్టర్లు 2010లో ఒక రోగి గురించి రాశారు. నాలుగడుగులు వేయలేని 58 ఏళ్ల మనిషి సైకిలెక్కి జోరుగా తొక్కేశాడు! (ఇది చదివి ఎవరూ బాపును సైకిలెక్కించి హైవే మీదికి పంపకండి.) అలవాటు దారి మూసుకుపోయినా, కంటికి కనిపించే గుర్తు, చెవికి వినిపించే తాళం ఇస్తే మెదడు వేరే దారిలో పని జరిపించుకుంటుందన్నమాట.

దీన్ని ఇంట్లో వాడుకోవడానికి ఖర్చేమీ లేదు. మంచం నుంచి బాత్రూంకు వెళ్లే దారిలో ఒక అడుగు దూరానికి ఒకటి చొప్పున రంగు టేపు గీతలు అంటించొచ్చు. గడప ముందు ఒక గీత తప్పనిసరి. కాళ్లు ఆగిపోయినప్పుడు చేయి పట్టి ముందుకు లాగకూడదు. లాగితే పడటం ఖాయం. ‘ఆగు బాపూ, నిమ్మళంగ’ అని, ఆయనను నిటారుగా నిలబడనిచ్చి, బరువును ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి ఒకట్రెండుసార్లు మార్చమనాలి. ఆ తర్వాత ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడితే అడుగు కదులుతుంది. పక్కన ఉన్నవారు తమ కాలును అడ్డగీతలా ఆయన ముందు పెట్టి ‘ఇది దాటు’ అన్నా సరిపోతుంది.

పరీక్షల్లో తేలిందేమిటి?

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొలీన్‌ కానింగ్‌ బృందం 231 మంది పార్కిన్సన్స్‌ రోగులను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దానితోపాటు వారానికి మూడుసార్లు, 40 నుంచి 60 నిమిషాలు, ఆరు నెలలపాటు కాళ్ల బలం పెంచే, నిలకడకు పరీక్ష పెట్టే వ్యాయామాలు. ఫలితాలు 2015లో వచ్చాయి. అందరినీ కలిపి లెక్కేస్తే పడటంలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడితో వదిలేస్తే ‘వ్యాయామం వల్ల లాభం లేదు’ అని ముగించేవారే. కానీ జబ్బు తీవ్రతను బట్టి విడదీసి చూస్తే కథ మారిపోయింది. జబ్బు ఇంకా ముదరనివారిలో పడటం దాదాపు 70 శాతం తగ్గింది. బాగా ముదిరినవారిలో తగ్గకపోగా కాస్త పెరిగే ధోరణి కనిపించింది.

బ్రిటన్‌లో 474 మందిపై జరిగి, 2019లో వెలువడిన మరో పరీక్షలోనూ ఇదే తీరు. జబ్బు మధ్యస్థంగా ఉన్నవారికి మేలు జరిగింది, తీవ్రంగా ఉన్నవారు మరిన్నిసార్లు పడ్డారు. ఎందుకిలా? కదలిక పెరిగిన మేరకు నిలకడ పెరగకపోతే పడే సందర్భాలే ఎక్కువవుతాయి. కాబట్టి ‘వ్యాయామం మంచిదట’ అని ఇప్పటికే పలుమార్లు పడిన పెద్దవారిని లేపి ఒంటరిగా చేయించడం ప్రమాదం. వారికి ఫిజియోథెరపిస్టు పక్కనుండి, వారి ఒంటికి తగ్గట్టు చేయించాలి. జబ్బు తొలిదశలో ఉన్నవారు మాత్రం ఒక్క నెల కూడా పోగొట్టుకోవడానికి లేదు.

2022లో కాక్రేన్‌ సంస్థ అప్పటివరకు ప్రపంచంలో జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట పెట్టి చూసింది. వ్యాయామంపై జరిగిన 12 పరీక్షల్లో మొత్తం 1456 మంది ఉన్నారు. పడటం సుమారు 26 శాతం తగ్గిందని లెక్క తేలింది. వీరిలో అత్యధికులు జబ్బు తక్కువగానో, మధ్యస్థంగానో ఉన్నవారే. నాలుగుసార్లు పడాల్సిన మనిషి మూడుసార్లు పడ్డాడంటే చిన్న సంగతిలా అనిపించవచ్చు. ఆ తప్పిన నాలుగోదే తుంటి విరిగేదై ఉంటే?

నడకతో సరిపోదు

‘రోజూ పొద్దున రెండు ఫర్లాంగులు నడుస్తున్నం’ అని చాలామంది తృప్తిపడతారు. నడక మంచిదే. గుండెకు, మనసుకు, మలబద్ధకానికి మేలు. కానీ తిన్నగా ఉన్న రోడ్డు మీద తిన్నగా నడిస్తే నిలకడకు పరీక్ష ఉండదు. పడేది తిన్నగా నడిచేటప్పుడు కాదు... లేచేటప్పుడు, మళ్లేటప్పుడు, వెనక్కి అడుగేసేటప్పుడు, పైనున్నదేదో అందుకునేటప్పుడు. వ్యాయామమూ వాటికే కావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కుర్చీలోంచి లేవడం. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టాలి. అంచుకు జరిగి కూర్చోవాలి. పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. చాలామంది నిటారుగా కూర్చునే లేవబోయి వెనక్కి పడతారు. మొదట్లో చేతుల సాయంతో ఐదుసార్లు. నాలుగైదు వారాల్లో పదిసార్లు, వీలైతే చేతులు వాడకుండా. దిగేటప్పుడు ధబ్‌మని కూలబడకుండా మెల్లగా కూర్చోవాలి. కండకు అసలు పని పడేది అక్కడే.

తర్వాత వంటింటి గట్టునో, కిటికీ ఊచలనో పట్టుకుని మడమలెత్తడం. అరుగు మొదటి మెట్టు ఎక్కి దిగడం, ఒకసారి కుడికాలు ముందు, ఒకసారి ఎడమకాలు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, చేయి చాచి పక్కనున్న బల్ల మీది గ్లాసు అందుకోవడం. పక్కకు పెద్ద అడుగు, వెనక్కి పెద్ద అడుగు. ‘పెద్ద’ అన్న మాట మరవొద్దు. ఈ జబ్బులో మనిషి తాను మామూలుగానే అడుగు వేస్తున్నాననుకుంటాడు, అది మాత్రం జానెడే పడుతుంది. అతిగా అనిపించేంత పెద్దగా వేస్తేనే అది మామూలు అడుగవుతుంది. ఇక మళ్లడం... ఉన్నచోటే గిర్రున తిరగకూడదు. ఎడ్లబండి మలుపు తిప్పినట్లు విశాలంగా, అడుగులు లెక్కపెట్టుకుంటూ చుట్టి రావాలి.

అలవాటయ్యాక కొంచెం కొంచెం కష్టం పెంచాలి. సులువుగా అయిపోతోందంటే దానివల్ల వచ్చే లాభం కూడా అయిపోయిందని అర్థం. అలాగని రెండు రోజులు చేసి వారం మానేస్తే ఫలితం ఉండదు. వారానికి కనీసం మూడు రోజులు, నెలల తరబడి సాగాలి. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని చేయాలి. పక్కన ఒక మనిషి, వెనక కుర్చీ లేదా గోడ ఉండాలి. గుండెజబ్బు, మోకాళ్ల అరుగుదల, లేవగానే కళ్లు తిరగడం ఉంటే ముందుగా డాక్టరును అడగాలి.

విదేశాల్లో వీటికి రకరకాల రూపాలిచ్చారు. అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మందిపై పరీక్షించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, చైనావారి తై చి నేర్చుకున్నవారు ఉత్త సాగదీత వ్యాయామాలు చేసినవారికన్నా చాలా తక్కువసార్లు పడ్డారు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు చేశారంతే. సెయింట్‌ లూయీలో అర్జెంటీనావారి టాంగో నృత్యం నేర్పితే నిలకడ మెరుగైందని 2009లో రాశారు. టాంగోలో ఏముంది? తాళం ఉంది, పక్కకు అడుగు ఉంది, ఆగి మళ్లీ కదలడం ఉంది, తోడుగా మనిషి ఉంది. ఇవన్నీ మన బతుకమ్మ ఆటలో లేవా! పక్కకు అడుగు, కొంచెం వంగడం, చప్పట్లు, పాట, చుట్టూ ఆడబిడ్డలు. ఇది చికిత్స అని కాదు గానీ, జబ్బు తొలిదశలో ఉన్న అవ్వను ‘నువ్వు కూసోని చూడు’ అని కుర్చీలో కూర్చోబెట్టడంకన్నా, పక్కన బిడ్డ చేయి ఆసరాతో నాలుగు చుట్లు ఆడనివ్వడమే మేలు.

ఎవరు చేయించాలి?

అసలు చిక్కు ఇదే. మెట్‌పల్లి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మగపిల్లలు గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో మిగిలేది ముసలి దంపతులు, లేదంటే పిల్లల బడులు, బీడీల పని, వంట మధ్య నలిగే కోడలు. అరవై ఏళ్ల ఇల్లాలు డెబ్బై ఏళ్ల భర్తను పట్టుకుని వ్యాయామం చేయించబోతే ఇద్దరూ పడొచ్చు. ఆమె పట్టుకోనక్కర్లేదు. పక్కన నిలబడి లెక్కపెడితే చాలు. పట్టుకోవాల్సినంత తూలుతున్నాడంటే ఆ వ్యాయామం ఆయన ఇంట్లో చేయదగ్గది కాదని గుర్తు.

దుబాయి కొడుకు కూడా ‘లేవకు’ అని చెప్పడం మాని మరో పని చేయొచ్చు. వారానికి మూడు రోజులు ఒకే వేళకు ఫోన్‌ చేసి, అవ్వ పక్కనుండగా ‘బాపూ, ఇగ లే... ఒకటి’ అని పది లెక్కపెట్టొచ్చు. రోగికి వ్యాయామం మానకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం. ఒక మనిషి ఎదురుచూస్తున్నాడంటే మానబుద్ధి కాదు.

మొదటిసారి మాత్రం ఫిజియోథెరపిస్టును కలవాల్సిందే. ఎక్కడ తూలుతున్నాడో చూసి, ఏవి చేయాలో, ఏవి చేయకూడదో ఆయనే చెప్పాలి. దీనికోసం ప్రతిసారీ 200 కిలోమీటర్ల పైనున్న హైదరాబాద్‌కు పరుగెత్తాల్సిన పనిలేదు. నిమ్స్‌ లాంటి చోట న్యూరాలజిస్టు జబ్బును నిర్ధారించి మందులు కుదిర్చాక, వ్యాయామం దగ్గరలోనే కొనసాగించుకోవచ్చు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్‌ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడి ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ గురించి అడగండి. మోకాళ్ల నొప్పులకు కరెంటు పెట్టించుకుని వచ్చేయడం కాదు, ‘పడకుండా ఉండేందుకు వ్యాయామం నేర్పండి’ అని విడమరిచి అడగాలి.

ఇల్లు కూడా కొంచెం మారాలి. సాగిపోయిన నులక మంచంలోంచి ఆరోగ్యవంతుడికే లేవడం కష్టం. గట్టి మంచం, మోకాలి ఎత్తులో ఉంటే మంచిది. వాకిట్లో సాన్పి చల్లిన తడి ఆరేదాకా అటు పోనివ్వొద్దు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా జారేదైతే తీసేయాలి. అరిగిన రబ్బరు చెప్పులకు బదులు వెనక పట్టీ ఉన్నవి తొడగాలి. ధోవతి, లుంగీ అంచు పాదాల కిందికి రాకూడదు. బాత్రూంలో గోడకు ఒక ఇనుప కడ్డీ, రాత్రి దారి పొడవునా ఒక చిన్న బల్బు. నిద్రలోంచి లేచాక మంచం అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చుని, కాళ్లు నాలుగుసార్లు ఆడించి అప్పుడే నిలబడాలి. నడుస్తున్నప్పుడు వెనక నుంచి పిలవొద్దు. చేతికి చాయ్‌ కప్పు ఇచ్చి ‘అటు పోయి కూసో’ అనొద్దు.

ఇవన్నీ చేసినా ఎప్పుడైనా పడొచ్చు. అప్పుడు గాభరాపడి రెక్క పట్టి లేపొద్దు. నొప్పి ఎక్కడుందో అడిగి, కాలు కదపలేకపోతే కదిలించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దెబ్బ తగల్లేదంటే పక్కకు దొర్లి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని ఆయనంతట ఆయన లేవనివ్వాలి. ఆ తర్వాత పిల్లల పాత నోట్‌బుక్కులో నాలుగు ముక్కలు రాసిపెట్టాలి. ఏ వేళ పడ్డాడు, మాత్ర వేసుకుని ఎంతసేపైంది, ఎక్కడ పడ్డాడు, ఆ క్షణంలో ఏం చేస్తున్నాడు. పడబోయి ఆగిన సందర్భాలు కూడా రాయాలి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ నోట్‌బుక్కు కూడా తీసుకెళ్లండి. మూడుసార్లూ తెల్లవారుజామునే పడ్డాడని అందులో ఉంటే, మార్చాల్సింది మాత్ర వేళలేమో డాక్టరు చూస్తారు. మూడుసార్లూ బాత్రూం గుమ్మం దగ్గరే అని ఉంటే, ఫిజియోథెరపిస్టు ఆ గుమ్మం దాటడం నుంచే పాఠం మొదలుపెడతారు.